‘నార్మల్ డెలివరీ’ ప్యాకేజీని కోత లెక్కతో కొలిస్తే

కాన్పు ఆసుపత్రుల మీద జనం రాసే సమీక్షలన్నీ దాదాపు ఒకే మూసలో ఉంటాయి. గది శుభ్రంగా ఉందా, ఏసీ పనిచేసిందా, డాక్టరమ్మ ఓపిగ్గా మాట్లాడిందా, బిల్లు చెప్పినదానికంటే ఎంత పెరిగింది. లేబర్ రూములో ఆఖరి గంటలో ఏం జరిగిందో ఎవరూ రాయరు. “నార్మలే అయింది, కుట్లు పడ్డాయి” అంటే అక్కడితో సరి. ఆ కుట్లు చర్మం తనంతట తాను చిరిగితే వేసినవా, కత్తెరతో కోసి వేసినవా అన్నది ఇంట్లోవాళ్లకు తెలియదు. చాలాసార్లు బాలింతకే తెలియదు.

అందుకే ఇక్కడ గదులూ భోజనాలూ వదిలేశాం. తెలుగు రాష్ట్రాల్లో నార్మల్ డెలివరీ సేవ మూడు రకాలుగా దొరుకుతోంది: ప్రైవేటు ఆసుపత్రి ప్యాకేజీ, ప్రభుత్వాసుపత్రి లేబర్ రూము, మిడ్‌వైఫ్‌లు, అంటే కాన్పు చేయడంలో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు, చూసే కాన్పు గది. ఎపిసియోటమీ ఎవరికి చేస్తున్నారు, ఎంతమందికి చేస్తున్నారు, ఎంత పనితనంతో చేస్తున్నారు అన్న ఒక్క కొలతతోనే మూడింటినీ చూశాం. తప్పుల దగ్గర ఏ ఆసుపత్రి పేరూ రాయలేదు.

ఎపిసియోటమీ అంటే బిడ్డ తల బయటికి వచ్చే వేళ యోనిద్వారానికీ మలద్వారానికీ మధ్య ఉన్న భాగాన్ని కత్తెరతో కోయడం. మన దగ్గర దాదాపు ఎప్పుడూ కుడివైపు ఏటవాలుగా కోస్తారు. కేస్ షీటులో ‘ఆర్‌ఎంఎల్‌ఈ’ అన్న అక్షరాలు కనిపిస్తే అదే. చర్మంతోపాటు లోపలి కండ కూడా తెగుతుంది, అంటే గాయం లెక్కన ఇది రెండో డిగ్రీ చిరుగుతో సమానం. ‘చిన్న గాటు’ అని తేలికచేసి చెప్పేవాళ్లు ఈ ముక్క చెప్పరు.

తొలిచూలు లెక్క వేరు, మలిచూలు లెక్క వేరు

ఏ ఆసుపత్రినైనా “మీ దగ్గర కోత ఎంతమందికి పడుతుంది?” అని అడిగితే ఒకటే అంకె చెబుతారు, లేదా “అవసరమైతేనే” అంటారు. రెండూ పనికిరాని జవాబులే. మొదటి కాన్పువాళ్లకు విడిగా, అంతకుముందు కింద నుంచి కన్నవాళ్లకు విడిగా చెప్పమనాలి.

తేడా ఎంత ఉంటుందో చూడాలంటే ఫ్రాన్సు జాతీయ సర్వే మంచి ఉదాహరణ. 2016లో అక్కడ నార్మల్ కాన్పుల్లో తొలిచూలు తల్లుల్లో 34.9 శాతానికి కోత పడింది. ముందే కన్న తల్లుల్లో 9.8 శాతానికే. మూడున్నర రెట్లు. రెండూ కలిపితే 20.1 శాతం. 2021 వచ్చేసరికి ఆ కలిపిన అంకె 8.3 శాతానికి దిగింది. అయిదేళ్లలో ఆడవాళ్ల శరీరాలేమీ మారలేదు, లేబర్ రూము అలవాటు మారింది. యూరప్ దేశాలను పక్కపక్కన పెడితే ఇది ఇంకా స్పష్టం: 2010 లెక్కల్లో డెన్మార్క్, స్వీడన్, ఐస్‌లాండ్‌లలో 5 నుంచి 7 శాతం, సైప్రస్, పోలండ్, పోర్చుగల్, రొమేనియాలలో 70 శాతం దరిదాపులు. అమెరికాలో 1979లో 61 శాతం దాకా ఉన్నది 2004కి పాతికకి, 2012కి 12కి పడిపోయింది. అక్కడ కాన్పయ్యే మన అమ్మాయిలకు “మీ అమ్మకు పడ్డాయి కదా, నీకూ పడతాయి” అన్న మాట చాలామటుకు చెల్లదు.

తొలిచూలుకు ఎక్కువెందుకు? ఆ కండ మొదటిసారి సాగుతోంది. నొప్పులు తీసే దశ పొడుగ్గా సాగుతుంది, దాంతో బిడ్డ గుండె వేగం తగ్గడం, తల అడ్డం తిరిగి ఉండటం, బిడ్డ తలను పట్టి లాగే వాక్యూమ్ లేదా ఫోర్‌సెప్స్ అవసరం పడటం ఎక్కువ. ఇవి నిజమైన కారణాలు. వీటితోపాటు ఒక పాత అలవాటు కూడా ఉంది: తొలిచూలు అయితే చాలు, కత్తెర ట్రేలో సిద్ధంగా ఉంటుంది. 1742లో డబ్లిన్ వైద్యుడు ఫీల్డింగ్ ఔల్డ్ దీన్ని ఇరుక్కుపోయిన కాన్పులకు మాత్రమే చెప్పాడు. 1920లో అమెరికా వైద్యుడు జోసెఫ్ డెలీ దాదాపు ప్రతి తొలిచూలుకూ ముందుజాగ్రత్తగా చేయొచ్చన్నాడు. తిన్నగా కోసిన గాయం అడ్డదిడ్డంగా చిరిగినదానికంటే బాగా మానుతుందన్నది వాదన. రుజువేమీ లేకుండానే అది డెబ్బై ఏళ్లు నడిచింది.

పరీక్షకు పెట్టాక నిలవలేదు. అర్జెంటీనాలో ఎనిమిది ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2,606 మంది మీద జరిగి 1993లో వెలువడిన పరిశీలనలో, కోత అలవాటుగా చేసిన గుంపులో 83 శాతానికి పడింది, అవసరాన్ని బట్టి చేసినవాళ్లలో 30 శాతానికి. మలద్వారం దాకా వెళ్లే పెద్ద చిరుగులు రెండు గుంపుల్లోనూ దాదాపు సమానం. తర్వాత ఇలాంటి పరిశీలనలన్నీ కలిపి చూసిన 2017 కాక్రేన్ సమీక్ష, అవసరానికే కోసే చోట పెద్ద చిరుగులు సుమారు 30 శాతం తక్కువని తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో, తనంతట జరిగే కాన్పుల్లో అలవాటుగా కోయడం వద్దని స్పష్టంగా రాసింది. కోయకపోతే ముందువైపు, మూత్రద్వారం పక్కన చిన్న చిరుగులు కొంచెం ఎక్కువ పడతాయి. మూత్రం పోసేటప్పుడు నాలుగు రోజులు మంట. అది దాచాల్సిన సంగతి కాదు.

కోయకపోతే ఏమీ చిరగదని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. బ్రిటన్‌లో తొలి కాన్పువాళ్లలో పదికి తొమ్మిదిమంది దాకా గీరుకుపోవడమో, చిరుగో, కోతో ఏదో ఒకటి పడుతుంది. మలద్వారపు కండరం దాకా చిరగడం తొలిచూలులో నూటికి ఆరుగురికి, ముందే కన్నవాళ్లలో ఇద్దరికంటే తక్కువ. అంటే తొలిచూలు తల్లి ముందున్నది పడొచ్చు పడకపోవచ్చు అనే చిన్న చిరుగుకూ, ఖాయంగా పడే రెండో డిగ్రీ గాయానికీ మధ్య ఎంపిక.

అంకె చెప్పినా మోసపోయే చోటు

తెలంగాణలో ఈ లెక్క అడిగేటప్పుడు భాగహారం జాగ్రత్తగా చూడాలి. ఉదాహరణకు ఒక ఆసుపత్రిలో నెలకు 100 కాన్పులు. 60 సిజేరియన్లు, 40 నార్మల్. ఆ 40 మందిలో 30 మందికి కోత. “మా దగ్గర 30 శాతమే” అని ధైర్యంగా చెబుతారు, 30ని 100తో భాగించి. కోత నార్మల్ కాన్పుకే ఉంటుంది కనుక 40తో భాగించాలి. అప్పుడది 75 శాతం. ఇది గాలిలోంచి తీసిన భయం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో మొత్తం కాన్పుల్లో 60.7 శాతం, ప్రైవేటులో 81.5 శాతం సిజేరియన్లే. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, ప్రైవేటులో 63. ఇంత ఆపరేషన్ ఉన్నచోట మొత్తం కాన్పులతో భాగించిన ఏ అంకైనా ముద్దుగానే కనిపిస్తుంది.

రెండో కిటుకు తొలిచూలు, మలిచూలు కలబోత. ఒకే డాక్టరు, ఒకే అలవాటు: తొలిచూలులో 70 శాతం, తర్వాతి కాన్పుల్లో 10 శాతం కోస్తారనుకోండి. నార్మల్ కాన్పుల్లో తొలిచూలు 60, మిగతావి 40 ఉంటే కలిపిన అంకె 46. తొలిచూలు 30, మిగతావి 70 అయితే అదే డాక్టరు అంకె 28కి దిగుతుంది. పని ఏమీ మారలేదు, వచ్చిన మనుషులు మారారు.

ఇంకొకటి. మొదటిది సిజేరియన్ అయి, రెండోసారి నార్మల్‌కు ప్రయత్నిస్తున్నవాళ్లను ఆసుపత్రి ‘రెండో కాన్పు’ ఖాతాలో వేస్తుంది. కింద కండ లెక్కన ఆమె తొలిచూలే. తన గురించి అడిగేటప్పుడు తొలిచూలు అంకెనే చూసుకోవాలి, తొలిచూలుకు చెప్పిన జాగ్రత్తలే తీసుకోవాలి.

ఈ ప్రశ్న అడిగినప్పుడు తరచూ వినిపించే మాట, “మన ఇండియన్ ఆడవాళ్లకు అక్కడ కండ పొట్టి, కోయకపోతే మొత్తం చిరుగుతుంది”. బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి దేశాల్లో ఆసియా సంతతి తల్లులకు పెద్ద చిరుగులు ఎక్కువన్నది నిజమే, బ్రిటిష్ మార్గదర్శకాల్లో అది ఒక ముప్పుగా నమోదై ఉంది కూడా. కానీ ఆసియాలోనే కనే ఆసియా తల్లుల్లో ఆ ముప్పు కనిపించలేదని పరిశోధనలను కూర్చి చూసినవాళ్లు తేల్చారు. కండ పొడుగొక్కటే కారణమైతే ఇక్కడా అంతే ఉండాలి. కాబట్టి విదేశంలో కాన్పయ్యేవాళ్లు డాక్టరుతో ఈ సంగతి తప్పక మాట్లాడాలి. ఇక్కడ కాన్పయ్యేవాళ్లకు దీన్ని కత్తెరకు సాకుగా చెబితే ఒప్పుకోనక్కర్లేదు.

ప్రైవేటు ప్యాకేజీ

ప్యాకేజీ కాగితంలో ‘నార్మల్ డెలివరీ’ అన్న వరుస కింద ఏమేం కలిసి ఉన్నాయో చదవండి. కుట్ల దారం, మత్తు ఇంజెక్షన్, లేబర్ రూము చార్జీ అందులోనే ఉన్నాయా, విడిగా వేస్తారా? అసిస్టెడ్ డెలివరీ, అంటే వాక్యూమ్ పెడితే, ధర మారుతుందా? చాలా చోట్ల మారుతుంది, ముందు చెప్పరు.

సౌకర్యాల్లో దీనికి మంచి మార్కులే: ఒంటరి గది, భర్తనో అమ్మనో లోపలికి రానివ్వడం, నొప్పులు తెలియకుండా నడుముకిచ్చే మత్తు (ఎపిడ్యూరల్). కోత విషయంలో మాత్రం అయిదుకు రెండు. ప్రధాన కారణం తొందర. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన గర్భద్వారం పూర్తిగా తెరుచుకున్నాక తొలిచూలుకు మూడు గంటల దాకా, తర్వాతి కాన్పులకు రెండు గంటల దాకా పట్టడం మామూలే. బిడ్డ గుండె బాగున్నంతసేపూ ఆగొచ్చు. బయట ఓపీ నిండి ఉంటే, ఆగే ఓపిక కత్తెర దగ్గర కుదించుకుపోతుంది. కోతతో బాటే రెండు దురలవాట్లు వస్తాయి: కాళ్లు పైకి కట్టి వెల్లకిలా పడుకోబెట్టడం, పొట్ట మీద మోచేత్తో నొక్కడం. పొట్ట నొక్కవద్దని కూడా 2018 సిఫార్సుల్లో ఉంది. ఈ మూడూ ఒకే గదిలో జరుగుతుంటే అక్కడ ఏ నియమమూ పాటించడం లేదని అర్థం.

సిజేరియన్ ఎక్కువైన కొద్దీ ఇంకో నష్టం: డ్యూటీ డాక్టర్లు, స్టాఫ్ నర్సులు కోయకుండా జరిగే కాన్పును చూసే అవకాశమే తగ్గిపోతుంది. తలను నిదానంగా బయటికి రానివ్వడం చేతిపని. చూడకపోతే రాదు.

ప్రభుత్వాసుపత్రి

డబ్బు పరంగా దీనికి పోటీ లేదు. 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద కాన్పు, మందులు, పరీక్షలు, రవాణా అన్నీ ఉచితం. లేబర్ రూముల నాణ్యత పెంచడానికి 2017లో కేంద్రం మొదలుపెట్టిన ‘లక్ష్య’ కార్యక్రమం వచ్చాక కొన్ని లేబర్ రూముల్లో తెరలు, వేరువేరు బల్లలు, తోడు ఒకరిని ఉండనివ్వడం కనిపిస్తున్నాయి. కాగితం మీద తోడు మనిషి హక్కే, “ఆడతోడు ఒకరిని ఉండనివ్వండమ్మా, రూలు ఉంది” అని అడగొచ్చు.

పెద్ద బోధనాసుపత్రుల్లో రద్దీ ఉంటుంది, కోయడం కుట్టడం నేర్చుకునేవాళ్లూ ఉంటారు. తొలిచూలు తల్లికి ఇది అనుకూలమైన కలయిక కాదు. సరిగ్గా మొద్దుబారకముందే కుట్టడం, “అయిపోయిందమ్మా, ఓర్చుకో” అనడం ఇక్కడి మొదటి ఫిర్యాదు. మరోవైపు చూస్తే, రోజూ పదుల కాన్పులు చేసే సీనియర్ స్టాఫ్ నర్సు చేతిలో పడ్డ మలిచూలు తల్లి ఒక్క కుట్టూ లేకుండా లేచి నడుస్తుంది. మార్కులు కూడా విడిగానే ఇవ్వాలి: మలిచూలుకు అయిదుకు నాలుగు, తొలిచూలుకు రెండున్నర.

మిడ్‌వైఫ్‌ల సేవ

2017లో తెలంగాణ ప్రభుత్వం యూనిసెఫ్, హైదరాబాద్‌లో కాన్పు ఆసుపత్రులు నడిపే ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌లతో కలిసి నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. 2018లో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. ఈ సేవ ఉన్నచోట తేడా వసతుల్లో ఉండదు, చేతుల్లో ఉంటుంది. పక్కకు తిరిగి పడుకునో, మోకాళ్ల మీదో, కూచునో కననిస్తారు. తల కనిపించాక “ముక్కు, ముక్కు” అని అరవరు; నొప్పి వచ్చినప్పుడు ఊపిరి వదులుతూ మెల్లగా తోయమంటారు. గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన గుడ్డను కింద ఒత్తిపట్టి ఉంచుతారు. ఈ ఒక్క పనివల్లే పెద్ద చిరుగులు దాదాపు సగానికి తగ్గుతాయని పరిశీలనల్లో తేలింది. ఖర్చు ఒక గుడ్డ, ఒక బేసిన్ నీళ్లు. ఈ సమీక్షలో పైసకు పూర్తి విలువ ఇచ్చిన వస్తువేదంటే అదే, ఏ ఆసుపత్రిలోనైనా అడగొచ్చు.

లోపాలూ ఉన్నాయి. అన్ని ఆసుపత్రుల్లో లేదు. ఉన్నచోటా రాత్రి షిఫ్టులో శిక్షణ పొందిన మనిషి ఉంటుందన్న హామీ లేదు. బీపీ, కవలలు, ఎదురుకాళ్ల బిడ్డ వంటి వాటికి డాక్టరు దగ్గరికే పంపుతారు, పంపాలి కూడా. తక్కువ ముప్పున్నవాళ్లే ఇక్కడ మిగులుతారు కనుక వీళ్ల కోత అంకెను పెద్దాసుపత్రి అంకెతో నేరుగా పోల్చడం న్యాయం కాదు. ఆ తగ్గింపు వేసుకున్నాక కూడా తొలిచూలుకు మా మొదటి ఎంపిక ఇదే. నాలుగున్నర.

కోయాల్సినప్పుడు

“మేం అసలు కొయ్యం” అనే ఆసుపత్రిని కూడా అనుమానించాలి. తల కిందికి వచ్చేసి బిడ్డ గుండె పడిపోతుంటే రెండు నిమిషాలు ఆదా చేసేది కత్తెరే. భుజాలు ఇరుక్కున్నప్పుడు చెయ్యి లోపలికి పోవడానికి చోటు కావాలి. ఫోర్‌సెప్స్ పెడితే కోయడమే మేలు. తొలిచూలుకు వాక్యూమ్ పెట్టినప్పుడు ఏం చేయాలన్నది చాలాకాలం తేలలేదు. 2024లో వెలువడిన స్వీడన్ పరిశీలన దానికి జవాబిచ్చింది: ఎనిమిది ఆసుపత్రుల్లో 717 మంది తొలిచూలు తల్లుల్లో, పక్కవైపు కోసినవాళ్లలో మలద్వారపు కండరం తెగడం 6 శాతం, కోయనివాళ్లలో 13 శాతం. వాక్యూమ్ పెడుతున్నామని చెప్పినప్పుడు తొలిచూలు తల్లి కోతకు ఒప్పుకోవడం తెలివైన పనే.

పాత కుట్ల మచ్చ ఉందని రెండోసారి కోయడం మాత్రం కారణం కిందికి రాదు. మచ్చ ఉన్న చోట చిరుగు పడే అవకాశం కొంచెం ఎక్కువ, అంతే.

పనితనం ఎలా చూడాలి

కోత మంచిదా కాదా అన్నది మూడు చోట్ల తేలుతుంది: సమయం, కోణం, మత్తు.

నొప్పి వచ్చినప్పుడు తల మూడు నాలుగు సెంటీమీటర్ల మేర కనిపించి, కండ పలచబడ్డాక కోయాలి. ముందే కోస్తే మందంగా ఉన్న కండ తెగి రక్తం ఎక్కువ పోతుంది. కోణం మధ్యగీత నుంచి 60 డిగ్రీలు ఉండాలి. తల తోసుకొస్తున్నప్పుడు కండ ఉబ్బి ఉంటుంది కనుక అప్పటి 60, కుట్టాక 45 దగ్గరికి వస్తుంది. కంటి అంచనాతో 40 దగ్గర కోస్తే, కుట్టాక అది మలద్వారం అంచునే పోతున్నట్టు ఉంటుంది. ప్రతి 6 డిగ్రీలు మధ్యగీతకు దూరం జరిగితే మూడో డిగ్రీ చిరుగు, అంటే మలద్వారపు కండరం దాకా వెళ్లేది, పడే ముప్పు సగమవుతుందని ఒక అధ్యయనం చెప్పింది. అమెరికాలో ఇప్పటికీ కొందరు మధ్యలో తిన్నగా కోస్తారు. అది త్వరగా మానుతుంది కానీ సాగితే నేరుగా మలద్వారంలోకే. అక్కడున్నవాళ్లు “మధ్యలోనా, పక్కకా?” అని ముందే అడగాలి.

మత్తుకు లిగ్నోకైన్. ఇంజెక్షన్ ఇచ్చాక రెండు నిమిషాలు ఆగి, చిన్న పట్టుకారుతో గిల్లి చూడాలి. నొప్పి తెలిస్తే ఇంకో రెండు నిమిషాలు. ఆ తర్వాతా తెలిస్తే మరికొంత మందు. అరవై కిలోల మనిషికి 270 మిల్లీగ్రాముల దాకా, అంటే ఒక శాతం మందైతే 27 మిల్లీలీటర్లు, రెండు శాతమైతే 13 ఇవ్వొచ్చు. కోతకు ముందిచ్చిన మందూ ఈ లెక్కలోకే వస్తుంది. హద్దులోపల చోటున్నంతవరకూ ‘మందు అయిపోయింది, ఓర్చుకో’ అనడానికి వీల్లేదు.

కుట్లకు దారం అడగండి. త్వరగా కరిగే పాలిగ్లాక్టిన్, మందుల షాపు భాషలో ‘విక్రిల్ రాపిడ్’, రెండు వారాల్లో పట్టు వదులుతుంది, నలభై రోజుల్లో పూర్తిగా కరుగుతుంది. పాత క్రోమిక్ క్యాట్‌గట్‌తో నొప్పి ఎక్కువ, కుట్టు విడిపోవడం ఎక్కువ. కుట్టే తీరులో, ముడి తర్వాత ముడి వేయడం కంటే ఒకే దారంతో వదులుగా సాగించే కుట్టుకు నొప్పి తక్కువ. గాయం పైకొసకు ఒక సెంటీమీటరు అవతల మొదలుపెట్టాలి. లేకపోతే లోపల వెనక్కి జరిగిన రక్తనాళం మిగిలిపోయి గడ్డ కడుతుంది. కుట్టాక మలద్వారంలో వేలు పెట్టి చూడటం, దూది ముక్కలు లెక్కపెట్టడం తప్పనిసరి. ఈ రెండూ చేశారో లేదో అక్కడున్న తోడు గమనించవచ్చు.

ముందు కొనేవి, తర్వాత కొనేవి

నెలలు నిండేముందు చేసుకునే పెరీనియల్ మసాజ్‌కు, అంటే కోత పడే ఆ కండను సాగదీసే మర్దనకు, ప్రత్యేక నూనె సీసాలు అమ్ముతున్నారు. డబ్బు దండగ. వాసన కలపని మామూలు కొబ్బరినూనె చాలు. 34, 35 వారాల నుంచి వారానికి ఒకటి రెండుసార్లు, చేతులు కడుక్కుని, బొటనవేళ్లు మూడు నాలుగు సెంటీమీటర్లు లోపల పెట్టి కిందికీ పక్కలకూ మంట తెలిసేదాకా సాగదీసి పట్టుకోవాలి. అయిదు పది నిమిషాలు. తొలిచూలు తల్లుల్లో దీనివల్ల కోత 16 శాతం తగ్గింది. ముందే కన్నవాళ్లలో కోత తగ్గలేదు, మూడు నెలల తర్వాత నొప్పి మాత్రం తగ్గింది. ఇన్ఫెక్షన్, రక్తస్రావం, మాయ కిందికి ఉండటం వంటివి ఉంటే చేయకూడదు. గాలి నింపే బుడగ పరికరం ఒకటి ఆన్‌లైన్లో ఖరీదుగా దొరుకుతుంది. ఆస్ట్రేలియా పరిశీలనలో దానివల్ల లోపలి కండరాల గాయాలు తగ్గలేదు. వద్దు.

కాన్పయ్యాక మొదటి రోజు గుడ్డలో చుట్టిన ఐసు, పది నిమిషాల చొప్పున. పారాసిటమాల్, ఇబుప్రోఫెన్ పాలిచ్చే తల్లికి ఇబ్బంది కాదు, డాక్టరు రాసిన మోతాదులో నొప్పి ముదరకముందే వేసుకోవాలి. రెండో రోజు నుంచి గోరువెచ్చని నీళ్ల టబ్బు, రోజుకు రెండు మూడుసార్లు, పది పదిహేను నిమిషాలు. కమోడ్ మీద పెట్టే సిట్జ్ టబ్ పనికొస్తుంది. ఇండియన్ టాయిలెట్ అయితే వెడల్పు ప్లాస్టిక్ టబ్బు. నీళ్లలో డెట్టాల్ వద్దు, మంట తప్ప లాభం లేదు. మధ్యలో రంధ్రమున్న గుండ్రటి దిండు మీద ఎక్కువసేపు కూచుంటే కుట్లు లాగుతాయి. పక్కకు పడుకుని పాలివ్వడం నయం. కొన్ని ఆసుపత్రులు ఇంకా ఎర్ర లైటు పెడుతున్నాయి, కాలే ప్రమాదమున్న పాత అలవాటు. సాంబ్రాణి పొగ కిందికి పట్టడం కూడా అదే కోవ.

కుట్లకు అసలు శత్రువు వంటింట్లో ఉంది. బాలింత పథ్యం పేరుతో నీళ్లు తగ్గించి, కూరలు మాన్పించి, కారప్పొడి అన్నం పెడితే నాలుగో రోజుకు మలబద్ధకం ఖాయం. గట్టిగా ముక్కినప్పుడల్లా కొత్త కుట్టు మీద లాగుడు. పాలిచ్చే తల్లికి రోజుకు మూడు లీటర్ల దాకా నీళ్లు, ఆకుకూర, బొప్పాయో అరటిపండో కావాలి. పెద్దావిడ ఒప్పుకోకపోతే డాక్టరు చేత చీటీ మీద రాయించండి, ఆ కాగితానికి ఇంట్లో విలువ ఎక్కువ. మలం మెత్తబరిచే లాక్టులోజ్ సిరప్ కూడా రాయించుకోవాలి.

మొదటి గంటల్లో మాత్రలకు లొంగని, పెరిగే నొప్పి, ఒకవైపు ఉబ్బు కనిపిస్తే లోపల రక్తం గడ్డ కట్టిందేమో చూడమనాలి. తర్వాతి రోజుల్లో 100.4 డిగ్రీల జ్వరం, దుర్వాసన, చీము, కుట్టు విడిపోవడం ఉంటే ఆగకుండా వెళ్లాలి. గాలి, మలం ఆపుకోలేకపోవడం ‘కాన్పు తర్వాత మామూలే’ కాదు. గమనించకుండా వదిలేసిన మూడో డిగ్రీ చిరుగు అయి ఉండొచ్చు. సిగ్గుపడి ఆరు నెలలు మోసేవాళ్లు చాలామంది.

ఇంటికి వచ్చేముందు డిశ్చార్జ్ సమ్మరీలో నాలుగు ముక్కలు రాసి ఉన్నాయో లేదో చూసుకోండి: కోతా లేక చిరుగా, ఎన్నో డిగ్రీ, ఎందుకు కోశారు, ఏ దారంతో కుట్టారు. చాలా సమ్మరీల్లో మూడోది ఉండదు. “ఎందుకు కోశారో కూడా రాయండి డాక్టరుగారూ, రెండో కాన్పుకు పనికొస్తుంది” అని అడిగి రాయించుకుని, కాగితం ఫోటో తీసి పెట్టుకోండి. ఆరో వారం చూపించుకోవడానికి వెళ్లినప్పుడు బిడ్డ బరువు, టీకాలతోపాటు కుట్లు కూడా చూడమని అడగాలి. అడగకపోతే చూడరు.